పాత బస్సు గేటు దాటేదాకా

ఒక్కో డిపోకి ఒక్కో పిచ్చి ఉంటుంది. ఈ బస్సు డిపోకి బ్యాండు పిచ్చి. పగలంతా బోల్టులు బిగించేవాళ్లు, టిక్కెట్లు కొట్టేవాళ్లు, బస్సులు కడిగేవాళ్లు సాయంత్రమయ్యేసరికి టైర్ల గోదాము వెనక చేరి డ్రమ్ములు, క్లారినెట్లు, ట్రంపెట్లు పట్టుకుని కూర్చుంటారు. ఏడాదికోసారి, అరిగి అరిగి ఇక తిరగలేని బస్సొకటి డిపో నుంచి చివరిసారి బయటికి వెళ్తుంది. ఆ రోజు బ్యాండు మొత్తం గేటు పక్కన నిలబడి వీడ్కోలు పాట వాయిస్తుంది. పాట చివర అందరూ ఆపేస్తారు. ఒక్క ట్రంపెట్ మాత్రం ఒకే స్వరాన్ని పట్టుకుని ఊదుతూ ఉండాలి. బస్సు కదిలిన క్షణం నుంచి వెనక చక్రాలు గేటు దాటేదాకా ఆ స్వరం తెగకూడదు. తెగితే దాని స్థానంలో వచ్చే కొత్త బస్సు ఏడాదంతా మొరాయిస్తుందని డిపోలో గట్టి నమ్మకం. నమ్మకానికి చదువుతో పనిలేదు, ఇంజనీరింగు పట్టా ఉన్న మేనేజరు కూడా ఆ కాసేపూ ఊపిరి బిగబట్టే నిలబడతాడు.

ఆ స్వరం మన పెద్దబూరది. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరూ పలకరు. విడిభాగాల గదికి స్టోరుకీపరు. కిటికీ వెనక కుర్చీ వేసుకుని, నట్లు, బేరింగులు, ఫ్యాను బెల్టులు అన్నీ కూర్చున్నచోటు నుంచి చెయ్యి చాపితే అందేలా సర్దుకున్నాడు. అందనివి స్టాకులో లేవని చెప్పేవాడు. పొట్ట సంగతి వేరే చెప్పక్కర్లేదు, కుర్చీకి, బల్లకి మధ్య ఉన్న ఖాళీ ఎటు పోయిందో చూసినవాళ్లకే తెలుస్తుంది. అయినా ఏటా గేటు దగ్గర ఆ స్వరం ఊది, చప్పట్లు కొట్టించుకుని, మళ్లీ ఏడాది వచ్చేదాకా ఆ ముచ్చటే చెప్పుకునేవాడు. డిపో ఆఫీసులో ఎవరైనా లిఫ్టు ఎందుకు, రెండంతస్తులేగా, మెట్లెక్కొచ్చు కదా అంటే, "నా ఊపిరి ఊరికే ఖర్చుపెట్టుకునేది కాదయ్యా" అనేవాడు.

అతని పక్కన నిలబడి రెండో ట్రంపెట్ ఊదేవాడు చిన్నబూర. పెద్దబూర భార్యకి తమ్ముడు, అదే డిపోలో మెకానిక్కు. సన్నగా, గెడకర్రలా ఉంటాడు, పదిమాటలకి ఒక మాట బదులిస్తాడు. కొన్నేళ్ల క్రితం ఉన్నట్టుండి ఒక సైకిలు కొనుక్కుని పనికి దానిమీదే రావడం మొదలుపెట్టాడు. మోకాళ్లు పట్టేస్తున్నాయి, డాక్టరు తొక్కమన్నాడు అన్నాడు. ఇక పెద్దబూరకి పండగే.

"ఇన్ని బస్సులు బాగుచేస్తావు, ఒక్కదాన్నీ నమ్మవన్నమాట" అనేవాడు అందరిముందూ. చిన్నబూర నవ్వి ఊరుకునేవాడు.

అలాంటి పెద్దబూర పరువు ఒక పన్ను వల్ల పోయింది. అది అతని పన్ను కూడా కాదు.

ఒక ఆదివారం పార్కులో బ్యాండు వాయిస్తోంది. చిన్నబూరకి జ్ఞానదంతం పీకారు. బుగ్గ వాచి, నోట్లో దూది కుక్కుకుని, వాయించేవాళ్లలో కాక వినేవాళ్లలో అక్క పక్కన కూర్చున్నాడు. పార్కు జనానికి వీడ్కోలు పాటంటే ఇష్టం గనక చివర అదే వాయించారు. అందరూ ఆపేశారు. పెద్దబూర ఛాతీ నిండా గాలి పీల్చి, ఎప్పటిలాగే కళ్లు మూసుకుని స్వరం ఎత్తుకున్నాడు. బాగానే లేచింది. సగం దాటాక వణికింది. ఆ పైన కీచుమంది. ఆ పైన ఏమీ లేదు. నిశ్శబ్దంలో ఎక్కడో ఒక కుక్క మొరిగింది. పెద్దబూర కళ్లు తెరిచి ట్రంపెట్ లోపలికి తొంగిచూశాడు, అందులో ఎవరో దూరి కూర్చున్నారేమో అన్నట్టు.

ఇంటికి రాగానే బకెట్లో గోరువెచ్చని నీళ్లు పోసి ట్రంపెట్‌ని విడదీసి కడగడం మొదలుపెట్టాడు. భార్య ఆరిన బట్టలు మడతపెడుతూ చూసింది.

"దానికెందుకండీ స్నానం. అదేం తప్పు చేసింది?"

"వాల్వు పట్టేసింది."

"వాల్వు కాదు, మీకు దమ్ము చాల్లేదు. ఇవాళే కాదు, చాలా ఏళ్ల నుంచి చాలట్లేదు. మీ ముఖం ఎర్రబడగానే మా తమ్ముడు మెల్లగా అందుకుంటాడు. తర్వాత మీది ఆగిపోతుంది. మీరు కళ్లు తెరిచేసరికి చప్పట్లు."

పెద్దబూర చేతిలోని గొట్టం బకెట్లో పడింది. "నేనే ఊదుతున్నా కదే. నా చెవులకి వినిపిస్తుందే."

"స్వరం వినిపిస్తుంది. అది మీదో వాడిదో మీ చెవులకేం తెలుస్తుంది, రక్తమంతా అక్కడే ఉంటుంది కదా. వాడు చిన్నప్పుడు నా పక్కన కూర్చుని ఊదడం నేర్చుకున్నాడండీ. వాడి గాలేదో మీ గాలేదో నాకు తెలీదా?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"జనం చప్పట్లు కొడుతుంటే లేచి నిలబడి ఏం చెప్పమంటారు?" అని ఆవిడ దుప్పటి రెండో కొస పట్టుకోమన్నట్టు చాపింది. పెద్దబూర పట్టుకున్నాడు. అతనికి నిజంగా సిగ్గేసింది. ఇన్నేళ్లుగా తను పుచ్చుకున్న చప్పట్లలో సగం పక్కవాడివని తెలిస్తే ఎవడికైనా సిగ్గేస్తుంది, కాకపోతే ఇతను ఆ చప్పట్ల గురించి ఏడాది పొడుగునా చెప్పుకున్నాడు కాబట్టి ఇంకాస్త ఎక్కువ వేసింది.

మర్నాడు వర్క్‌షాపుకి వెళ్లి బావమరిదిని నిలదీశాడు. "ఎన్నేళ్ల నుంచిరా?" చిన్నబూర నోట్లో ఇంకా దూది ఉంది. చెయ్యెత్తి వేళ్లు చూపించబోయి, చాలవనిపించిందో ఏమో, దించేశాడు.

పుండు మీద కారం చల్లడానికి మాస్టారు ఉండనే ఉన్నాడు. బ్యాండుమాస్టారు పాతకాలపు మనిషి, చేతిలో సన్నని కర్ర, నోట్లో అంతకన్నా సన్నని మాటలు. ఆ సాయంత్రం పెద్దబూరని పక్కకి పిలిచి, "ఏమయ్యా, ఈసారి గేటు దగ్గర ఆ స్వరం నువ్వొక్కడివే ఊదాలి. నీ వల్ల కాదంటే ఇప్పుడే చెప్పు. తాళాలు వాయించేవాడు వేరే ఊరికి బదిలీ అయ్యాడు. వాటికి ఊపిరితో పనిలేదు" అన్నాడు. ట్రంపెట్ ఊదినవాడు తాళాలకి వెళ్లడమంటే డ్రైవరు సీటు నుంచి వెనక నిచ్చెన దగ్గరికి వెళ్లడం. పెద్దబూర ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. అతని విషయంలో అది చిన్న సంగతి కాదు.

తెల్లారి మళ్లీ వర్క్‌షాపుకి వెళ్లాడు. "ఒరేయ్, ఈ దమ్ము నీకెక్కడిది?" అన్నాడు. చిన్నబూర గోడకి ఆనించిన సైకిలు వైపు చూపించాడు.

"నాకూ ఒకటి చూడు."

షెడ్డు మూలన పడున్న పాత గేర్ల సైకిలుకి చిన్నబూర కొత్త చెయిను, కొత్త బ్రేకులు వేసి ఇచ్చాడు. విడిభాగాలు మాత్రం పెద్దబూర గదివే. స్టాకులో లేవని తనే చెప్పినవి తనే వెతికి తీయాల్సి వచ్చింది.

ఎవరూ చూడకూడదని తెల్లవారుజామునే మొదలుపెట్టారు. ఆ సమయానికే మొదటి బస్సులు బయటికి వస్తాయన్న సంగతి బస్సు డిపోలో ఇన్నేళ్లు పనిచేసినవాడికి తట్టలేదు. ఒక్కో బస్సు పక్కనుంచి పోతూ హారను కొట్టింది. దాచిన పని కాస్తా మొదటి ట్రిప్పుకే అన్ని రూట్లకీ పాకింది. పెద్దబూర పళ్లు బిగించి, సీటు కిందికి దించుకుని, మోకాళ్లు పొట్టకి తగులుతుంటే తొక్కాడు. నేల మీద పాదాలు ఆనాలన్నది అతని పట్టుదల. సీటు అంత కిందికి ఉంటే కాళ్లు చాపడానికి చోటుండదు, బలమంతా మోకాళ్లకే పోతుంది అని చిన్నబూర చెబితే, "మోకాళ్ల రోగివి నువ్వు, నేను కాదు" అన్నాడు.

ఇక డిపో ముందర వాలు రోడ్డుంది. కిందినుంచి చూస్తే అంతేం కనపడదు, ఎక్కితే తెలుస్తుంది. పెద్దబూర దానికింద ఆగి, ఛాతీ నిండా గాలి పీల్చి, వీడ్కోలు పాట మనసులో ఎత్తుకుని, పెద్ద గేరులో దూకుడుగా తొక్కాడు. సగం ఎక్కేసరికి ముఖం వంకాయ రంగుకి తిరిగింది. ఇంకాస్త ఎక్కేసరికి సైకిలు తనంతట తానే పక్కకి ఒరిగి, అతన్ని తీసుకెళ్లి పొదల కంచెలో పడేసింది.

చిన్నబూర పరుగున వచ్చి లేవదీశాడు. "ఊపిరి ఎందుకాపేశావు బావా?"

"పల్లవి మధ్యలో ఊపిరెలా తీసుకుంటానురా? మాస్టారు చూస్తే చంపేస్తాడు."

జరిగింది అదే. ఊదేవాళ్లకి మొదటిరోజు నుంచీ ఒకటే పాఠం, ఊపిరి తీసుకోవాల్సినచోట తప్ప ఎక్కడా తీసుకోకూడదు. ఆ పాఠం ఎంత ఒంటబట్టిందంటే, వాలు కింద పీల్చిన గాలిని పల్లవి పూర్తయ్యేదాకా వదలకూడదని ఆ మహానుభావుడు నిశ్చయించుకున్నాడు. లోకంలో ఇంకెవరూ సైకిలు మీద ఇలా పడి ఉండరు.

"ఇక్కడ మాస్టారు లేడు బావా, కంచె ఉంది" అన్నాడు చిన్నబూర, అతని చొక్కా మీది ముళ్లు తీస్తూ. "పాట వద్దు. మాట్లాడుతూ తొక్కు. మాట ఆయాసం లేకుండా వస్తుంటే సరైన వేగంలో వెళ్తున్నట్టు. రాకపోతే తగ్గించు, గేరు చిన్నది చెయ్యి."

"ఏం మాట్లాడమంటావు?"

"నువ్వేం మాట్లాడాలో నేను చెప్పాలా?"

అదీ నిజమే. పెద్దబూర మాట్లాడుతూ తొక్కడం మొదలుపెట్టాడు. ఏ ఏడాది ఏ బస్సుకి ఎంతసేపు ఊదాడో చెప్పబోయి, వింటున్నది ఎవరో గుర్తొచ్చి ఆగిపోయాడు. గొప్పలు పక్కన పెడితే తన దగ్గర మాట్లాడ్డానికి ఎంత తక్కువ ఉందో అప్పుడే తెలిసింది. అందుకని వాలు దగ్గరికి రాగానే వంతులు వేసుకున్నారు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాడు ఊపిరి తీసుకోవాలి. మాట ఆయాసంలో చిక్కుకుంటే బెల్లు ఒకసారి మీటాలి, రెండోవాడు అక్కణ్నుంచి అందుకోవాలి. మొదట్లో పెద్దబూర అడుగడుక్కీ బెల్లు కొట్టాడు. చిన్నబూర ఇంజన్ల గురించి, కూతురి లెక్కల గురించి, ఇంటి పైకప్పు కారడం గురించి చెప్పుకుంటూ పోయేవాడు. ఇన్నేళ్ల చుట్టరికంలో ఈ మనిషి ఇన్ని మాటలు మాట్లాడగా పెద్దబూర వినలేదు. వినకపోవడానికి కారణం, తను మాట ఆపకపోవడమే.

కష్టాలు రాకుండా ఉంటాయా. మొదటి వారం కుర్చీలో కూర్చోలేకపోయాడు. కూర్చోలేక స్టోరు గదిలో నిలబడ్డాడు, నిలబడలేక తిరిగాడు, తిరుగుతూ తిరుగుతూ ఎప్పటినుంచో లేవని చెప్పిన బేరింగులన్నీ పై అరల్లో కనిపెట్టాడు. వర్క్‌షాపువాళ్లు ఆశ్చర్యపోయారు. ఆకలి మాత్రం రెట్టింపయింది. "తొక్కింది గోరంత, తింటున్నది కొండంత" అంది భార్య, గిన్నె మూత పెడుతూ. రోజూ తొక్కి ఒక్క వారంలో తేల్చేద్దామనుకున్నాడు. కండలకి కూడా ఊపిరి పీల్చుకునే తీరిక కావాలి, మధ్యమధ్య ఒకరోజు వదిలెయ్యమన్నాడు చిన్నబూర. ఆ సలహా అతనికి తెగ నచ్చింది. ఒకరోజు వదిలేశాడు, మబ్బుగా ఉందని ఇంకోరోజు వదిలేశాడు, మబ్బు లేదని, ఎండ కాస్తుందని మూడోరోజు వదిలేశాడు. ఆ తర్వాత రోజు పొద్దున బల్ల దగ్గరికి వచ్చేసరికి కాఫీ గ్లాసు పక్కన రెండు ఇత్తడి తాళాలు మెరుస్తున్నాయి. భార్య వాటిని మాస్టారిని అడిగి తెచ్చిందట. కాఫీ చల్లారకముందే సైకిలు వీధిలో ఉంది.

అలా నెలలు గడిచాయి. సీటు మెల్లగా పైకి లేచింది. కుర్చీకి, బల్లకి మధ్య పోయిన ఖాళీలో కొంత తిరిగొచ్చింది. లిఫ్టు ఆలస్యమైతే మెట్లెక్కేస్తున్నాడు, ఎక్కాక ఎవరైనా చూశారా అని చుట్టూ చూస్తున్నాడు. ఒకరోజు స్టోరు గదిలో ఎలుక దూరిన కథ చెబుతున్నాడు. కథ ముగిసేసరికి చిన్నబూర ఆగాడు. "చూడు బావా" అన్నాడు. వెనక్కి చూస్తే వాలు మొత్తం కింద ఉంది. బెల్లు ఒక్కసారి కూడా కొట్టలేదు. పెద్దబూరకి ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. నవ్వునే బయటికి వదిలాడు.

అక్కడే, వాలు మీద నిలబడే, ఒక మాట తీసుకున్నాడు. "గేటు రోజు నువ్వు బూర పెదాలకి ఆనించకూడదు. ఏమైనా సరే. మీ అక్క మీద ఒట్టు."

"ఒట్టు" అన్నాడు చిన్నబూర.

ఆ రోజు రానే వచ్చింది. వెళ్లిపోయే బస్సుని డిపోలో ముసలమ్మ అంటారు. చిన్నబూర వారం రోజులు దాని ఇంజను కింద పడుకుని బతిమాలి ప్రాణం పోశాడు. అందరూ గేటుకి అటూ ఇటూ నిలబడ్డారు. పెద్దబూర భార్య ముందు వరసలో ఉంది. బ్యాండు వీడ్కోలు పాట పూర్తిచేసింది. మాస్టారు కర్ర పైకెత్తాడు. ముసలమ్మ గుర్రుమని కదిలింది. పెద్దబూర స్వరం ఎత్తుకున్నాడు.

ఈసారి కళ్లు మూసుకోలేదు. పక్కన చిన్నబూర ట్రంపెట్ చంకలో పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముసలమ్మ నత్తనడకన వస్తోంది. పార్కులో స్వరం వణికిన చోటు వచ్చింది, దాటిపోయింది. కీచుమన్న చోటు వచ్చింది, అదీ దాటిపోయింది. ఇన్నేళ్లలో ఎన్నడూ తను చేరని చోటికి తన గాలితో తను చేరాడు. పెద్దబూర ఆనందం అంతా ఇంతా కాదు. ముసలమ్మ ముందు చక్రాలు గేటు దాటాయి. అంతే, దగ్గింది, వణికింది, సగం లోపల, సగం బయట ఆగిపోయింది.

డ్రైవరు తాళం తిప్పాడు. ఇంజను పలకలేదు. మళ్లీ తిప్పాడు. మాస్టారు కర్ర గాల్లోనే ఉంది. జనం గుసగుసలు మొదలుపెట్టారు. వర్క్‌షాపువాళ్లు నలుగురు పరుగెత్తి వెనకనుంచి తోయడం మొదలుపెట్టారు, ముసలమ్మ జానెడు కదిలింది. పెద్దబూర ఛాతీలో గాలి అడుగంటుతోంది. ఇక్కడ ఆపేసినా అతన్ని ఎవరూ ఏమీ అనరు. ఊదాల్సినదానికన్నా ఎక్కువే ఊదాడు, తప్పు బస్సుది. పరువు నిలబడుతుంది. స్వరం మాత్రం తెగుతుంది.

అతని ఎడమ బొటనవేలు ట్రంపెట్ మీద ఒకసారి కదిలింది, బెల్లు మీటినట్టు.

చిన్నబూర చూశాడు, కదల్లేదు. ఒట్టు వేశాడు మరి. బొటనవేలు మళ్లీ కదిలింది. చిన్నబూర ముందు వరసలో ఉన్న అక్క వైపు చూశాడు. ఆవిడ కళ్లతోనే కానిమ్మంది. అతను ఒట్టు తీసి గట్టున పెట్టి, ట్రంపెట్ పెదాలకి ఆనించి, స్వరం సన్నబడుతున్నచోట సందు తెలియకుండా అందుకున్నాడు.

పెద్దబూర అప్పుడొక పని చేశాడు. ట్రంపెట్‌ని పూర్తిగా కిందికి దించేశాడు. డిపో అంతా చూస్తుండగా నోరు తెరిచి, గేటు అవతలిదాకా వినబడేంత గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. కొందరు నవ్వారు. అతనూ నవ్వాడు. ఇంతలో చిన్నబూర బొటనవేలు కదిలింది, పెద్దబూర అందుకున్నాడు. మళ్లీ పెద్దబూరది కదిలింది, చిన్నబూర అందుకున్నాడు. వెనక మేనేజరుతో సహా అందరూ చేతులు వేసి తోస్తున్నారు. వాలు మీద మాటలు పంచుకున్నట్టే వాళ్లు గేటు దగ్గర ఒకే స్వరాన్ని పంచుకున్నారు. ముసలమ్మ వెనక చక్రాలు గేటు గీత దాటాయి. మాస్టారు కర్ర దించాడు.

చప్పట్లు మోగాయి. పెద్దబూర వాటిని తన ఒక్కడివే అనుకోలేదు, బావమరిది చెయ్యి పట్టుకుని ముందుకి లాగాడు. మాస్టారు కర్ర చంకలో పెట్టుకుని, "తాళాలకి వేరే మనిషిని చూసుకుంటాను" అని గొణుగుతూ వెళ్లిపోయాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెప్పు ఎవరూ విని ఎరగరు.

సాయంత్రం ఇద్దరూ ట్రంపెట్లు వీపున తగిలించుకుని సైకిళ్ల మీద ఇంటికి బయల్దేరారు. వెళ్లేదారిలో ఇంకో చిన్న ఎత్తుంది. దాని మొదట్లో పెద్దబూర మాట వంతు తీసుకున్నాడు.

"అవునుగానీ ఒరేయ్, నా గొడవలో పడి అడగడమే మర్చిపోయాను. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి?"

"మోకాళ్లకేం బావా. అవెప్పుడూ బాగానే ఉన్నాయి."

"మరి డాక్టరు తొక్కమన్నాడన్నావు?"

"ఏ డాక్టరూ అనలేదు. నీ స్వరం ఏటా కాస్త కాస్త నావైపు ఎక్కువ మిగిలేది. నా గాలి చాలేది కాదు. అందుకని కొనుక్కున్నాను."

అతను ఆ మాట ఇంజను ఆయిలు మార్చానన్నంత మామూలుగా అన్నాడు. పెద్దబూరకి ఆ సైకిలు గురించి తను అందరిముందూ వేసిన జోకులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఎండలో, వానలో ఆ మనిషి ఇన్నేళ్లు తొక్కింది తన పరువు కోసమని తెలిసి గుండె కరిగిపోయింది. ఏదో ఒకటి చెప్పాలనుకున్నాడు. ఊపిరి నిండుగానే ఉంది, ఎత్తు కూడా అంతేం లేదు.

అయినా బెల్లు ఒకసారి మీటాడు. చిన్నబూర, తన ఇంటి పైకప్పు మళ్లీ ఎలా కారుతోందో చెప్పడం మొదలుపెట్టాడు.